పటం వెనక గోడ

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బంతా పెట్టి ఇక్కడ మలేషియాలోనే సుంగై సిపుట్ అనే ఊళ్ళో ఒక పాత ఫ్లాటు కొందామని వెళ్ళాను. అందులో ఉన్నవాళ్ళ అద్దెలో సగం సంక్షేమ ఆఫీసు కడుతుందట. "అద్దె ఎగ్గొట్టరు, ఇల్లు వదిలి పోరు" అన్నాడు బ్రోకరు. రెండు మాటలూ నోటుబుక్కులో రాసుకున్నాను కానీ బుర్రకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంత లాభమైతే అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నట్టు?

బ్రోకరు కింద ఫోన్లో మాట్లాడుతుంటే నేనొక్కణ్ణే పైకెళ్ళాను. తలుపు తీసిన ముసలమ్మ నా చేతిలో ఫైలు చూసి గబగబా కుర్చీ తుడిచింది. అన్నీ బాగున్నాయని మలయ్‌లో చెబుతూ కుళాయి తిప్పింది, లైటు వేసింది. అద్దెకున్న మనిషి ఇంటిని ఇంతగా పొగడటం నేనెక్కడా చూడలేదు.

వంటగదిలో వెంకటేశ్వరస్వామి పటం నడుమెత్తున వేలాడుతోంది. దేవుణ్ణి అంత కిందికి ఎవరైనా పెడతారా? దించి చూశాను. వెనక గోడ తడిసి ఉబ్బిపోయి ఉంది. వెంటనే మా ఆవిడకు ఫోన్ చేసి తెలుగులో చెప్పాను.

ముసలమ్మ ముఖం వాడిపోయింది. "తెలుగోలేనా బాబూ? గోడ సంగతి రాయకండి. ఇల్లు బాగోలేదని రాత్తే సాయం ఆపేత్తారు. నానెక్కడికెల్తాను?"

"నాను ఆఫీసర్ని కాదమ్మా. ఇల్లు కొందామని వచ్చినాను."

ఆమె ఇంకా భయపడింది.

"గోడ బాగు సేయిత్తాను" అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

"బాగు సేత్తే అద్దె పెంచేత్తారు కదా లా!" అంది, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

రబ్బరు ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో మా అమ్మా ఇంతే. ఇళ్ళు చూడటానికి గుమాస్తా వస్తున్నాడంటే గోడ కన్నానికి చీర అడ్డం కట్టేది. ఇల్లు పాడు చేశారని రాస్తే అదీ పోతుందని భయం. ఆ గుమాస్తా అంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఈవిడ ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డది నేనే.

"ఏటండీ, పలకరేటి? కొందామా, వొద్దా?" అంటోంది ఫోన్లో మా ఆవిడ. కొంటే ఈమె ఏమవుతుందో తెలియదు. నేను కొనకపోతే కొనేవాడు ఎలాంటివాడో అసలే తెలియదు. 'ఇల్లు వదిలి పోరు' అని రాసుకున్నందుకు మాత్రం సిగ్గేసింది.

మెట్ల మీద బ్రోకరు చెప్పుల చప్పుడు వినిపించింది. ముసలమ్మ పటం ఎత్తి తగిలించబోయింది. తొందరలో అది మేకుకి తగులుకోలేదు. రెండో అంచు నేను పట్టుకున్నాను.