మామ పేరుతో పడిన ఎంట్రీ

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి నేను. యర్రగొండపాలెంలో, అడవి అంచున పెరిగినవాడికి ఎలుగుబంటి భయం ఉంటుంది గానీ దయ్యం భయమేంటి? ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నాకే మింగుడుపడటం లేదు.

మార్కాపురంలో పొలాల పటాలు గీసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పటాలన్నీ ఓనర్ గదిలోని ఒకే డ్రైవ్‌లో ఉండేవి. నలుగురం నెట్‌వర్క్‌లో వాటినే తెరిచేవాళ్ళం. ఒకరు గీసింది ఇంకొకరు చెరిపేసి రోజూ గొడవే. అందుకని నేనే వర్షన్ కంట్రోల్ పెట్టాను. పటం ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ఆ కంప్యూటర్‌కు పెట్టిన పేరుతో అది ఒక ఎంట్రీ రాసిపెడుతుంది.

నారాయణ మామది అర్ధవీడు. చుట్టం కాదు, అదే ఆఫీసులో నాకు పని నేర్పినవాడు. ఆయన కంప్యూటర్‌లో ఏ పేరు పెట్టమంటావని అడిగాను.

"నాకెందుకబ్బా ఇయ్యన్నీ? నీ పేరే పెట్టు అల్లుడా. నువ్వైతే ఏంది, నేనైతే ఏంది?" అన్నాడు.

పొంగిపోయి పెట్టేశాను. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడు తెలీదు.

కొన్నాళ్ళకు కొనకనమిట్ల నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఆమె చేనికి పోయే బండిబాట మా కొత్త పటంలో లేదట. ఆ పటం చూపించి పక్క చేనాయన కంచె వేసేశాడు. పాత ఎంట్రీలు తీసి చూస్తే, ఉగాది మర్నాడు బాట తీసేసినట్టుంది. తీసినవాడి పేరు నాది.

"మామ కంప్యూటర్‌లోనూ నా పేరే ఉంది సార్" అన్నాను ఓనర్‌తో.

"నేను ఆ పటం ముట్టుకోలా" అన్నాడు మామ, టీ గ్లాసులోకి చూస్తూ.

నమ్మాను. నా చెయ్యే జారిందేమో అనుకున్నాను. పని పోయింది. దొంగపటం గీసినోడని పేరొచ్చింది.

మూడు నెలలకు మామ గుండె ఆగి పోయాడు. వెళ్ళి పాడె మోశాను.

పెద్దకర్మ రోజు ఆఫీసు మూసి అందరూ అర్ధవీడు వచ్చారు. తాళం ఓనర్ జేబులో ఉంది. లైను పనులని ఆ రోజు మార్కాపురంలో సాయంత్రం దాకా కరెంటు లేదు. మర్నాడు ఓనర్ ఫోన్ చేసి, "ఒకసారి రా, ఇది నువ్వు చూడాల" అన్నాడు.

కొత్త ఎంట్రీ పడి ఉంది. ముందురోజు పొద్దున పదకొండు గంటలకు, మేం పిండాల దగ్గర కూర్చున్నప్పుడు. పేరు నారాయణ, అర్ధవీడు. ఆ పేరు ఏ కంప్యూటర్‌లోనూ లేదు. కింద ఇట్లా ఉంది: "బాట తీసింది నేనే. ఆ పక్క చేను మా వియ్యంకునిదని తీసినా. మళ్ళా పెట్టినా."

పటం తెరిస్తే బాట ఉంది. కొలత కూడా తప్పలేదు.

కంప్యూటర్ గడియారం సరిగ్గానే ఉంది. ఓనర్‌నే అనుమానించాను. కానీ ఆ పొద్దంతా ఆయన నా పక్కనే కూర్చున్నాడు.

ఆమెకు బాట వచ్చింది, నాకు పని వచ్చింది. ఆ ఎంట్రీ ఎలా పడిందో ఇప్పటికీ తెలీదు. భయం కాదు, కోపం వచ్చింది నాకు. ఉగాది మర్నాడు మామ ఇంట్లో మిగిలిన బొబ్బట్లు తెచ్చి, వద్దన్నా నా చేత తినిపించాడు. నా పని పోయాక మూడు నెలలు బతికుండి కూడా ఒక్క మాట చెప్పలేదు.

ఆయన కంప్యూటర్‌లో ఇంకా నా పేరే ఉంది. మార్చెయ్యమని ఓనర్ అంటూనే ఉంటాడు. నాకు చేతులు రావడం లేదు.