ఆరున్నర బండి

మా మామ పోయాడని అత్త ఉదయగిరి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఆత్మకూరులో పాఠాలు చెప్పే స్కూలుకు బయలుదేరుతున్నాను. "కాఫీ తీసుకోని పోతే పలకలా పాపా. మిద్దె మీద కుర్చీలోనే ఉండాడు. ఫోను చేతిలోనే ఉండాది" అంది. అప్పటికి ఏడు దాటి కాసేపయింది. ఏడుపు రావడానికి ముందే నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరేమనుకుంటారో తెలియదు. ఆ ఫోనుకు అవతల నిజంగా ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లకీ సంగతి ఎవరు చెప్పాలి అనుకున్నాను.

మామ గురించి రాయాలంటే అనుమానంతోనే మొదలుపెట్టాలి. మా అమ్మకు తమ్ముడు, ఆత్మకూరు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. బస్సు ఎందుకు లేటైందో డ్రైవర్ చెప్పే కారణాన్ని ఏనాడూ మొదటిసారికి నమ్మి ఎరుగడు. గేదెలు అడ్డం వచ్చాయంటే ఎన్ని గేదెలు, ఏ ఊరి దగ్గర, ఎటు పోతున్నాయి అని అడిగేవాడు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందని అత్త చెబితే, తను నాలుక మీద వేసుకుని చూసేదాకా ఒప్పుకునేవాడు కాదు. ఆ గుణం మేనకోడలినైన నాకూ అంటింది.

నేను గడియారం చూడటం నేర్చుకున్నది ఆయన డిపో గదిలోనే. గోడ మీది టైముల బోర్డు చూపించి చదివించేవాడు. "ఆరున్నరంటే ఆరున్నరే పాపా. ఆడ ఒక మనిషి మనల్ని నమ్ముకోని నిలబడుంటాడు" అనేవాడు. ఇప్పుడు నేను స్కూలుకు ఒక్కరోజు కూడా ఆలస్యంగా పోనంటే అది ఆయన పుణ్యమే.

రిటైరయ్యాక మామా అత్తా ఉదయగిరి చేరుకున్నారు. మోకాలి ఆపరేషన్ జరిగి మామ మూడు నెలలు మంచంలో ఉన్నప్పుడు నా పాత ఫోను ఇచ్చి వచ్చాను. అందులో కార్ల పందెం ఆట ఒకటి ఉన్న సంగతే నాకు గుర్తు లేదు. ఏడాది తర్వాత అత్త దగ్గర్నుంచి ఫోను. "పొద్దన అయిదింటికే మిద్దెక్కతాడు. ఫోన్లో రెండుసార్లు హారన్ కొడతాడు. అవతల గూడా ఎవరో కొడతారు. ఈయన నవ్వుకుంటాడు. నాకేందో మంచిగా అనిపించలా."

ఆన్‌లైన్ మోసాల వార్తలు రోజూ చదివేదాన్ని కదా, ఆదివారం మొదటి బస్సెక్కాను. మామ స్నానానికి పోయిన సమయం చూసి మిద్దె మీదికి వెళ్లాను. మెట్ల తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. జపాన్, కెన్యా, పోర్చుగల్, చిలీ, ఒక్కోదాని ఎదురుగా టైములు. కొన్నింటి మీద ఎర్ర పెన్నుతో గీతలు. గుట్టుగా ఫొటో తీసుకుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"అనుమానముంటే అడగాల. ఫొటో తీసేది దేనికి?"

తల తుడుచుకుంటూనే విడమరిచి చెప్పాడు. ఆ ఆట పాతబడిపోయింది, ఆడేవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు. మనకు తోచినప్పుడు తెరిస్తే మనిషన్నవాడు ఉండడు. ఖాళీగా ఉన్న చోట్లలో ఆటే తన మిషన్ కార్లను నింపేస్తుంది, వాటికి మనుషుల పేర్లు, దేశాల జెండాలు తగిలించి మరీ. "మిషన్లతో పందెమేంది? ఖాళీ బస్సు నడిపినట్టుంటాది" అన్నాడు. అందుకని నెల రోజులు ఒక్కో గంటా కూర్చుని, ఏ వేళకు ఏ దేశపు మనుషులు దొరుకుతారో రాసుకున్నాడు. "గిరాకీ ఉండే టైము జూసి గదా బండి వేసేది!" రావడం మానేసినవాళ్ల మీద ఎర్ర గీత కొట్టేశాడు. ఇక మిగిలింది చిలీ జెండా ఉన్న నీలం కారొక్కటే. మనకు తెల్లవారి అయిదున్నర, వాళ్లకు రాత్రి భోజనాల వేళ.

మనిషో మిషనో తేల్చుకోవడానికి ఆయన దగ్గరొక పరీక్ష ఉండేది. పందెం మధ్యలో కారు ఆపేయడం. మిషనైతే తన పాటికి తను పోతుంది, మనిషైతే కొంచెమన్నా వెనకాడతాడు. ఆ ఆటలో మాటలు లేవు, హారన్ ఒక్కటే. కండక్టర్ గంట లెక్కనే వాడేవాడు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే రైట్, పోనిమ్మని. నీలం కారు రెండో వారానికల్లా రెండు హారన్లకు రెండు కొట్టడం నేర్చుకుందట.

"దానికి పరీక్ష పెట్టినావా మామా?"

"పెట్టలా."

"ఎందుకని?"

తువ్వాలు భుజాన వేసుకుని ఊరి మీది కోట కొండ వైపు తిరిగాడు. "మిషనని తేలితే రేప్పొద్దన నేను లేసేది దేనికి?" అన్నాడు. ఎవరినీ నమ్మని మా మామ అలా అనడం అదే మొదలు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మనిషన్నవాడు రోజూ నిమిషం తప్పకుండా వస్తాడా అని వాదించాను. "నేను రావడంలా?" అన్నాడు.

ఈ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో నీలం కారు అయిదున్నరకు రాలేదు. ఆరున్నరకు వచ్చింది. మర్నాడూ అంతే. మామకు కోపం వచ్చింది. పోయి చూసేవాడు, అది పందెం మొదలయ్యే గీత దగ్గర నిలబడి రెండు హారన్లు కొట్టినా తిరిగి కొట్టకుండా దిగివచ్చేవాడు. అయిదో రోజు నాకు ఫోన్ చేశాడు. "నువ్వు జెప్పిందే నిజం పాపా. అది మిషనే. చెడిపోయినట్టుండాది."

ఆ గొంతు వింటే గెలిచానన్న సంతోషం నాకు ఏ కోశానా కలగలేదు. వెతికితే విషయం తెలిసింది. అక్కడ ఎండాకాలం పోగానే జనం గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారట. ఆ మనిషి ఎప్పటి వేళకే వస్తున్నాడు, మారింది మన లెక్క. మామ నమ్మడానికి అరగంట పట్టింది. "గడియారాన్ని వాళ్లకు వాళ్లే తిప్పుకుంటారా! మన డిపోలో ఎవుడన్నా ఆ పని జేసుంటే..." అని ఆగిపోయాడు. "పాపం, నాలుగు దినాలు ఊరికే నిలబెట్టినాను" అన్నాడు మెల్లగా. మర్నాడు కాగితం మీద అయిదున్నర కొట్టేసి ఆరున్నర రాశాడు. రెండుకు బదులు నాలుగు హారన్లు కొట్టాడట. మిషన్‌కు కూడా ఆ దేశపు గడియారమే పెట్టుంటారులే అని నేను ఏడిపిస్తే, "నా బుద్ధులన్నీ వచ్చినాయి నీకు, మంచివి దప్ప" అన్నాడు. అది జరిగి మూడు నెలలే.

పెద్దకర్మ అయ్యాక అత్త ఆ ఫోను నా చేతిలో పెట్టింది. ఆట తెరిచి చివరి పందెం ఫలితం చూశాను. మిషన్ కార్లన్నీ గమ్యం చేరాయి. అడుగున రెండు పేర్లు. మామ ఎర్ర కారు, పూర్తి కాలేదు. నీలం కారు, పూర్తి కాలేదు.

ఆయన పెట్టనన్న పరీక్ష ఆయన ప్రమేయం లేకుండానే జరిగిపోయింది. కళ్లు మసకబారాయి. అంతలోనే నా పాడు బుద్ధి లేచింది. ఇక్కడ కొండ కింద సిగ్నల్ ఊరికే పోతుంటుంది, రెండూ అలాగే ఆగిపోయి ఉండవచ్చు కదా? నన్ను నేను తిట్టుకున్నాను. అయినా అనుమానం పోలేదు.

మర్నాడు ఆరున్నరకు మిద్దె మీద మామ కుర్చీలో కూర్చున్నాను. ఎర్ర కారు గీత దగ్గరికి వచ్చేసరికి నీలం కారు అక్కడే ఉంది. వెంటనే రెండు హారన్లు. ఇన్నాళ్లకు మామ వచ్చాడనుకుంటోంది. తిరిగి రెండు కొడితే ఆ మనిషిని మోసం చేసినట్టే. ఆపమని ఒక్కటే కొట్టాను.

పచ్చ లైటు వెలిగింది. మిషన్ కార్లన్నీ దుమ్ము రేపుకుంటూ పోయాయి. నీలం కారు కదలలేదు. ఎంతోసేపటికి, ఒక్క హారన్ మోగింది.

అత్త కాఫీతో వచ్చి నా వెనక నిలబడింది. "ఎవరు పాపా?" అంది.

తెర మీద పందెం టైము నడిచిపోతూనే ఉంది. గీత దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగి ఉన్నాయి.

"మామ కోసం వచ్చినారత్తా" అన్నాను.