అనుమానాల సారు, డాబా మీది ఏథెన్స్

సారు పోయారని ఫోన్‌లో కబురు వస్తే నేను వెంటనే నమ్మలేదు. పంపిన నంబరు తెలియనిది, కింద పెట్టిన ఫొటో పాతది. నిజామాబాద్‌లో ఉన్న ఆయన కూతురికి ఫోన్ చేశాను. ఆమె ఏడుస్తూనే, "నువ్వు కూడా నమ్మలేదా అక్కా? పొద్దటి నుంచి అందరూ గిట్లనే అడుగుతున్నరు. బాపు దగ్గర చదువుకున్నోళ్ళు ఒక్కసారి చెప్తే ఒక్కరన్నా నమ్ముతలేరు" అంది. అప్పుడు నమ్మాను. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

ఆయన ఖతర్ దేశంలో, దోహాలో, మా స్కూల్లో చరిత్ర చెప్పేవారు. డెబ్బైల్లో చమురు ధర ఎగిరి, ఊరు ఊరంతా క్రేన్లూ సిమెంటు దుమ్మూ అయిపోయిన రోజులవి. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మేమున్న బిల్డింగులోనే కింది అంతస్తులో ఒక్కరే ఉండేవారు, భార్యాపిల్లలు ఊళ్ళో. శుక్రవారం పొద్దున డాబా మీద తెలుగు పిల్లలను కూర్చోబెట్టి ఉచితంగా పాఠం చెప్పేవారు. ఉచితం అనేసరికి మా నాన్నకు అనుమానం పట్టుకుంది. "ఊరికే ఎవరు చెబుతారే? ఏదో ఉంది" అనేవాడు. సారుకు మా నాన్న మీద అంతకు రెట్టింపు. "మీ నాయన పొద్దుగాల్నే నవ్వుకుంట పలకరిస్తడు. ఎందుకంటవ్?" అని ఒకసారి నన్నే నిలదీశారు.

ఆయన తీరే అంత. కొట్లో పాలడబ్బా మీది తేదీని గోటితో గీకి చూసేవారు. వాచీ సరిగ్గా నడుస్తోందా అని రేడియో పెట్టేవారు, రేడియో టైము సరిగ్గా చెబుతోందా అని వాచీ చూసేవారు. మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఎందుకు నవ్వుతున్నామో కనుక్కునేదాకా పాఠం సాగేది కాదు.

పాఠ్యపుస్తకాన్ని కూడా ఆయన అలాగే చూసేవారు. అందులో ఏథెన్స్ అంటే పాలరాతి స్తంభాలు, ప్రజాస్వామ్యం, గొప్ప గొప్ప ఉపన్యాసాలు. సారు పేజీని వేలితో పొడిచేవారు. "స్తంభాలు మస్తుగున్నయ్. రాయి ఎవడు మోసిండు? రాయలేదు. రాయలేదంటే అనుమానపడాలె." ఇక మొదలు. "గనులల్ల బానిసలు వెండి తవ్విండ్రు. ఆ వెండితోని ఓడలు కట్టిండ్రు. ఓడలకు తెడ్లేసిన పేదోళ్ళ మాటకు సభల విలువొచ్చింది. వాళ్ళు లేకుంటే యుద్ధం లేదు గద మరి. గనిల ఉన్నోనికేమొచ్చింది? ఏం రాలె." స్పార్టావాళ్ళు పుట్టుకతోనే వీరులని పుస్తకం అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "పొలం దున్నేటోళ్ళు వేరే ఉన్నరు. గాళ్ళు ఎప్పుడు తిరగబడ్తరోనని వీళ్ళకు భయం. ఇంట్ల భయం ఉన్నోడే గంత కసరత్తు చేస్తడు." రోజూ జిమ్ముకు పోయేవాళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు కొంచెం అనుమానమే.

ఒక శుక్రవారం అందరినీ ఇంట్లోంచి పెద్ద గిన్నెల మూతలు తెమ్మన్నారు. గ్రీకు సైనికులు ఎలా నడిచేవారో చూపిస్తారట. మూతలు ఎడమ చేతుల్లో పట్టించి వరుసగా నిలబెట్టారు. "నీ డాలు సగం నీకు, సగం నీ ఎడమ పక్కోనికి. నువ్వు జరిగితే వాడు సచ్చిండన్నట్టే" అన్నారు. కానీ ప్రతివాడికీ తన కుడిపక్కవాడి డాలు చాటున దాక్కోవాలనే ఉంటుంది కదా. కొంచెం కొంచెంగా వరుస మొత్తం కుడికి జరుగుతుంది. ఆ రోజుల్లో నిజం సైన్యాలదీ ఇదే తంటా అట. మా సైన్యమూ జరిగింది. జరిగి జరిగి పిట్టగోడకు కొట్టుకుంది.

ఆ గోడకు అవతల పక్కింటి వాకిలి. మన ఊళ్ళలో డాబా అంటే వడియాలు పెట్టుకునేది, అక్కడి నుంచి పక్కింటికి కేకేసి పలకరించేది. ఖతరీల ఇళ్ళలో లోపలి వాకిలి ఆడవాళ్ళది, పరాయి కన్ను పడకూడదు. మూతలు పట్టుకుని మేమంతా గోడ మీదుగా తొంగిచూసేసరికి, తల ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఆ కంగారులో మా అమ్మ పులుసుగిన్నె మూత వాళ్ళ వాకిట్లో పడింది.

సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన చేతికర్రతో వచ్చి, డాబా మీద ఏం జరుగుతోందో వచ్చే శుక్రవారం తానే వచ్చి చూస్తానని అరబ్బీలో చెప్పి వెళ్ళాడు. సారు ముఖంలో నెత్తురు లేదు. బయటి దేశం నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ అక్కడివాడొకడు కఫీల్‌గా పూచీ ఉండాలి. ఒక ఖతరీ వెళ్ళి ఆ కఫీల్ చెవిలో ఒక్క మాట వేస్తే చాలు, మరుసటి విమానంలో ఇంటికే. ఊళ్ళో ఆయన ఇల్లు గడవడమూ, కూతురి చదువూ ఈ ఉద్యోగం మీదే.

ఆయన భయం అక్కడితో ఆగలేదు. "ఆడోళ్ళ సంగతి సాకు. నా పాఠం గురించి ఎవడో చెప్పిండు" అని తీర్మానించారు. వారమంతా కిరాణా కొట్టతన్నీ, మెట్లు ఊడ్చే మనిషినీ, మా నాన్ననూ ఒకే చూపు చూశారు. మా ఇంట్లోనూ అంతే. అమ్మ ఆ శుక్రవారం వెళ్ళొద్దంది. నాన్న మాత్రం, "వెళ్ళు. ఎవరేమన్నారో వచ్చి చెప్పు" అన్నాడు.

పెద్దాయన చెప్పినట్టే వచ్చాడు. మా మూత తెచ్చి నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నాడు. సారు మమ్మల్ని పక్కింటికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. ఆ రోజు పాఠం ఏథెన్స్‌లో ఉండే పరదేశులది. దాటేస్తారనుకున్నాను, దాటేయలేదు. సరుకు తెచ్చేదీ, కుండలూ కత్తులూ చేసేదీ చాలావరకు వాళ్ళేనట. ఎన్నాళ్ళున్నా భూమి కొనుక్కోలేరు, ఓటు లేదు. పన్ను కట్టాలి, యుద్ధమొస్తే వెళ్ళాలి. వాళ్ళ తరఫున నిలబడడానికి ఆ ఊరివాడొకడు ఉండి తీరాలి.

నేను చెయ్యెత్తి అడిగాను. "సార్, అంటే మనలాగానా?"

వెనక నుంచి పెద్దాయన, "బచ్చీ క్యా పూఛ్‌తీ హై?" అన్నాడు, పిల్ల ఏమడుగుతోందని. ఆయనకు హిందీ వస్తుందని మాలో ఎవరికీ తెలియదు. సారు పాత హైదరాబాదు చదువు, ఉర్దూ గడగడా మాట్లాడతారు. ఏదో లెక్కల సందేహమని చెప్పేస్తారనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను కూడా. ఆయన ఉర్దూలో ఉన్నదున్నట్టు చెప్పారు. పరదేశికి ఊరివాడొకడు పూచీ ఉండాలని చెబుతున్నాననీ, మనమూ అంతేనా అని ఈ పిల్ల అడుగుతోందనీ. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు పెద్దాయన చేతికర్ర మీదే ఉన్నాయి.

పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు. "ముత్యాలు అమ్ముకోవడానికి నేను బొంబాయిలో ఏళ్ళ తరబడి ఉన్నాను" అన్నాడు హిందీలో. "అక్కడ నాకూ ఒక సేఠ్ ఉండేవాడు. ఆయన చెబితేనే నాకు గది దొరికేది, ఆయన చెబితేనే నా సరుకు చూసేవారు." సారు వైపు తిరిగి, "మరి యుద్ధం అయిపోయాక ఆ పరదేశుల్ని పంపేశారా, ఉంచుకున్నారా?" అని అడిగాడు.

"ఉంచుకున్నారు సాబ్" అన్నారు సారు. "పని ఉన్నంతకాలం."

పెద్దాయన లేచి, "యల్లా, సరే, చెప్పుకో. పిల్లల్ని ఆ గోడ వైపు రానివ్వకు" అని మెట్లు దిగిపోయాడు. అడుగుల చప్పుడు ఆగేదాకా చూసి సారు మావైపు తిరిగారు. "నమ్మొద్దు. ఆయన నవ్వలె, తిట్టలె. గిట్లాంటోళ్ళే ఖతర్నాక్."

ఆయన్ని ఎవరూ పంపేయలేదు. చాలా ఏళ్ళు అక్కడే పనిచేసి, చాలనిపించినప్పుడు తనంతట తనే వెళ్ళారు. ఎదుటి మనిషి మీద నమ్మకం లేకపోయినా, భయపడుతూ అయినా, అతని ముఖం మీద నిజం చెప్పవచ్చని నేను మొదట చూసింది ఆయన దగ్గరే. ఆయనకు ఋణపడి ఉన్నాను. బతికుండగా ఈ మాట అంటే, దీని వెనక ఏముందోనని వారం రోజులు ఆలోచించి ఉండేవారు.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా కనబడేది ఆ తర్వాతి శుక్రవారం. పక్కింటి నుంచి పనిమనిషి ఒక పళ్ళెం తెచ్చి మా మధ్య పెట్టి వెళ్ళింది. కుంకుమపువ్వు వేసిన హల్వా, పైన నెయ్యి మెరుస్తోంది. మేం చేతులు చాచామో లేదో, "ఎవ్వరూ ముట్టొద్దు!" అని గట్టిగా అరిచారు సారు. "మీ అమ్మానాయనలకు జవాబు చెప్పాల్సింది నేను."

పళ్ళెం తన ఒళ్ళో పెట్టుకుని, చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆయన చచ్చిపోతారేమోనని నాకు నిజంగానే భయమేసింది. ఎంతోసేపటికి కళ్ళు తెరిచారు. ఆ కళ్ళ నిండా నీళ్ళు.

"అనుమానం ఇంక తీరలె" అన్నారు. ఈసారి పెద్ద ముక్క తీసుకున్నారు.