సందు దాటిన కళ్ళకలక

1969, వానాకాలం, ఆదివారం. అరుగుల మీద ఉన్నవారు: మా ఇంటి యజమాని పెద్దనాయన, ఆయన భార్య పెద్దమ్మ, ఎదురింటి బాబాయిగారు, ఆయన భార్య పిన్ని, నేను.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే చేలే (ఇప్పుడు ఎల్‌బీ నగర్ కూడలిలో రోడ్డు దాటలేక నిలబడినప్పుడల్లా అవే గుర్తొస్తాయి). ఆరోగ్యశాఖలో గణాంకాల గుమాస్తాగా కొత్తగా చేరి, పెద్దనాయన ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడిలో ఆయనకూ, కోస్తా నుంచి వచ్చిన బాబాయిగారికీ మాటా మాటా పెరిగి, చివరికి మాటల్లేకుండా పోయాయి. "ఆ గడప తొక్కితె మల్ల నా ఇంట్లకు రాకు" అని పెద్దమ్మకు ఆయన తేల్చి చెప్పేశాడు. పొద్దస్తమానం కలిసి ఉండే ఆడవాళ్ళిద్దరూ ఒకరి వాకిలి వంక ఒకరు చూడటం మానేశారు.

అప్పుడే కళ్ళకలక వచ్చింది. అది ఎక్కడ గుమిగూడిందో, ఎక్కడ ఆగిందో తేల్చడం నా పని. ఎర్రకళ్ళున్న ప్రతి ఇంటికీ పటం మీద ఎర్ర చుక్క పెట్టి, కంపాస్‌తో ఒకే కొలత సున్నాలు చుట్టి, ఏ సున్నాలో చుక్కలు ఎక్కువ కమ్ముకున్నాయో చూడాలి. పక్కపక్క ఇళ్ళ మధ్య తేడా బాగా కనిపించిన చోట హద్దు గీయాలి. రాకపోకలు లేని మా సందే హద్దని నేను ముందుగానే పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాను. తీరా చూస్తే అన్నిటికంటే ఎర్రబడ్డ సున్నా ఆ గీతకు అటు సగం, ఇటు సగం పడింది.

"ఏం తేలింది బిడ్డా? ఆ దిక్కుకెల్లి ఒచ్చిందే గదా గీ రోగం?" అన్నాడు పెద్దనాయన, ఎదురరుగుకు వినబడేలా.

"మా వైపు నుంచి ఏమీ రాలేదండీ!" బాబాయిగారు గోడతో చెప్పినట్టు చెప్పారు.

లెక్క కుదిరిన ఉత్సాహంలో నేను లేచి నిలబడ్డాను. "హద్దు సందులో లేదండీ. ఈ రెండిళ్ళ మధ్య గట్టి రాకపోకలున్నాయి!"

పెద్దమ్మ ఎర్రటి కళ్ళతో నన్ను చూసిన ఆ చూపు (డైరీలో రాయడానికి నాకు ధైర్యం చాలలేదు) తర్వాత మొగుడి మీదకు మళ్ళింది.

"నేనే పోయిన. గొడ్ల కొట్టం ఎనకకెల్లి. ఆమెకు కండ్లు తెరవరాకుంటె పన్నీరు చుక్కలు ఎవరెయ్యాలె? ఇంట్లకు రావద్దంటె రాను. గాడనే ఉంట."

"వచ్చెయ్యి అక్కా! ఎర్రకళ్ళేసుకుని ఇద్దరం ఒక్కచోటే పడుందాం" అంది పిన్ని.

పెద్దనాయన భుజం మీది తువ్వాలు తీసి చాలాసేపు దులిపాడు. "కొట్టం కాడ బురదుంది, జారి పడ్తవ్. ముంగటి నుంచే పో" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం నా కళ్ళు తెరుచుకోలేదు. వీధి గుమ్మంలో రెండు జతల గాజుల చప్పుడు. "జరుగు చెల్లె, నేనేస్త." "ముందు ఆ దూది మార్చు అక్కా!" వాళ్ళ తగువులో పన్నీరు సగం నా చెవిలో పడింది. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రగుమాస్తా, కళ్ళు విడివడగానే, పటం తీసి తన గదికి కూడా ఒక చుక్క పెట్టుకున్నాడు. అది సున్నా లోపలే పడింది.