మంగయ్య మామ పాల అర్ర

మా మంగయ్య మామ పాలు తాగుతడు, పెరుగు తింటడు, జున్ను దొరికితే ఇంకొకరికి మిగల్చడు. కోడిగుడ్డు కనబడిందంటే మాత్రం మూడిండ్ల అవతలికి ఉరుకుతడు.

"గుడ్డు" అనే మాటే నోట రానియ్యడు. "గది" అంటడు, "అది" అన్నట్టు. చుట్టాలింటికి పోతే మొదలు అడిగేది బాగోగులు కాదు, "అక్కా, ఈ గిన్నెల ఎప్పుడన్న గది ఉడికిందా?" అని. ఒక పెండ్లిల పేలాలుండ చేతిల పెడితే అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "జర తెల్లగ, గుండ్రంగ ఉన్నది. నాకొద్దు" అన్నడు.

"పాలు బర్రె ఇస్తది, గుడ్డు కోడి ఇస్తది. ఏంది మామా తేడా?" అని అడిగిన.

"దుడ్డె తాగంగ మిగిలిన పాలే నేను పిండుకుంటున్న. గదాంట్లనైతే పిల్లనే ఉంటది. ఇగ మిగిలేదేముంది?"

అప్పటికి సిరోంచకు తెల్లదొరలు వచ్చి నాలుగైదేండ్లయింది. ప్రాణహిత ఒడ్డున దొర డేరా పడ్డదంటే బంట్రోతులు ఇల్లిల్లు తిరిగి గుడ్లన్నీ ఊడ్చుకపోయేటోళ్లు. ఊరి చివర జంగుబాయి అవ్వకు ఉన్నదొక్కటే పెట్ట. అప్పుడది పదకొండు గుడ్ల మీద పొదుగుతున్నది. ఆ పిల్లలు పెద్దయితేనే అవ్వకు ఏడాది ఉప్పు, కట్టుకోను ఒక చీర.

డేరా పడ్డనాడు నేను సల్ల కోసం మామ ఇంటికి పోతుంటే, బంట్రోతు అవ్వ గుడిసెల బుట్టలన్నీ బోర్లిస్తున్నడు. పెట్టా లేదు, గుడ్లూ లేవు.

నేను మామ అరుగు మీద కూసున్ననో లేదో ఆ బంట్రోతు అక్కడికీ వచ్చిండు.

"ఇంట్ల గుడ్లున్నయా?"

పక్కింటి లింగక్క పడిపడి నవ్వింది. "మంగయ్య ఇంట్ల గుడ్డా? నీకేమన్న మతి పోయిందా అయ్యా?"

అప్పుడే పాలకుండలు పెట్టే అర్రల నుంచి "కొక్కొక్కో" అని వినబడ్డది. మామకు ఒక్కసారిగ దగ్గు పట్టుకున్నది. దగ్గుకుంటనే చెంబెడు సల్ల తెచ్చి బంట్రోతు చేతిల పెట్టిండు. ఆయన గటగట తాగి, మూతి తుడుచుకొని వెళ్లిపోయిండు.

"మామా, లోపల ఏంది?"

తలుపు తీసి చూపిండు. పాలకుండల నడుమ బుట్టల అవ్వ పెట్ట. దాని పక్కన ఇంకో నాలుగిండ్ల పెట్టలు, గుడ్లతోని సహా.

"ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే, నెత్తి మీద పెట్టుకొని. పొద్దటి నుంచి ఐదు తానాలు చేసిన" అన్నడు, తడి జుట్టు పిండుకుంట. "మూడేండ్ల నుంచి గిట్లనే నడుస్తున్నది. జర మెల్లగ మాట్లాడు, పెట్ట లేస్తది."

వారానికి తొమ్మిది పిల్లలు బయటికొచ్చినయి. అవ్వ సంబురంగ ఇంటికి తీసుకపోయింది. తెల్లారేసరికి తొమ్మిదీ పెట్ట ఎంబడి మళ్ల మామ వాకిట్లకే వచ్చినయి.

"పోండి, మీ ఇంటికి పోండి!" అని కసురుకుంటనే మామ పిడికెడు నూకలు చల్లిండు.