మా ఆయన సగం కడియం

మొన్న ఆదివారం మా మనుమడు, వాడి దోస్తు టీవీ ముందు కూర్చుని అన్నాలవేళ దాకా ఒకటే వాదులాట. ఏదో దేశపు బాక్సింగ్ ఆటగాడట. దిగిన ప్రతి పోటీ గెలిచాడట, ఇంతవరకు ఒక్కడి చేతిలో కూడా ఓడిపోలేదట. వెనకటి మహామహుల వరసలో అతన్ని కూర్చోబెట్టవచ్చా లేదా అన్నది తగువు. కూర్చోబెట్టాల్సిందే, ఓటమే లేనివాడికి ఇంకేం కావాలి అంటాడు మనుమడు. గట్టివాళ్ళందరూ ముసలివాళ్ళయ్యేదాకా ఆగి అప్పుడు తలపడ్డాడు, ఆ లెక్కన నేనైనా గెలుస్తాను అంటాడు దోస్తు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నాను. ఈ తగువు నాకు కొత్తది కాదు. బాక్సింగ్ అన్న మాట కూడా చెవిన పడనివాళ్ళు బాన్సువాడ చాయ్ హోటల్లో కూర్చుని, సరిగ్గా ఇదే సంగతి మీద ఏళ్ళ తరబడి గొంతులు చించుకున్నారు. వాళ్ళ తగువులోని ఓడిపోనివాడు మా ఆయన.

పెండ్లయిన నాటినుంచి ఆయన పేరు నా నోటితో పలకలేదు. జనాభా లెక్కలకు వచ్చినతను అడిగినప్పుడు కూడా పక్కింటి పిల్ల చేత చెప్పించాను. ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన మర్యాదను ఇప్పుడు రాతలో పోగొట్టుకోవడం ఎందుకు? కాబట్టి మా ఆయన అనే అంటాను. బీర్కూర్ పక్క పల్లె నుంచి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నిజాం రాజ్యం, దూరాన ఎక్కడో పెద్ద యుద్ధం, దుకాణాల్లో గ్యాసునూనెకు కరువు. ఇంట్లో మాత్రం దేనికీ కరువు లేదు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక మా మామగారి పొలాల్లో వరి, చెరుకు పోటీపడి పెరిగాయి. పెరిగినదంతా మా ఆయన తినేవాడు. పాలు, నెయ్యి, జొన్నరొట్టెలు, వీటన్నిటికీ మించి బాదం. తెల్లవారకముందే లేచి, నానబెట్టిన బాదం పప్పు పొట్టు తీసి రోట్లో వేసి నూరడం నా పని. మెత్తగా రాకపోతే మా అత్త వేలితో తాకి చూసి మళ్ళీ నూరమనేది. కుస్తీలో ఆయన ఎవరినైనా ఎత్తి పడేశాడంటే అందులో సగం బలం నా భుజాలదేనని నేను అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటాను.

మా పెరటి గోడకు అవతల తాలీం. అంటే కుస్తీ నేర్పే చోటు. ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కేవారు. ఎండ ఎక్కేకొద్దీ ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. మొదట్లో తల తిప్పుకునేదాన్ని, తర్వాత ఆ వాసన లేని రోజు ఏదో వెలితిగా తోచేది. తాలీం నడిపే ముసలాయన్ని ఊరంతా ఉస్తాద్ అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఆయనంత పహిల్వాన్ లేడట. అయితే ఆయన చాలాసార్లు పడ్డాడు కూడా, ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. గట్టి పట్లలో నలిగి నలిగి చెవులు రెండూ మడిచిన అప్పడాల్లా ముడుచుకుపోయి ఉండేవి. తాలీం గోడకు కొన్ని చిలుకకొయ్యలు ఉండేవి. పాతకాలపు పెద్ద పహిల్వాన్ల తలరుమాళ్ళు వాటికి వేలాడేవి. ఒక కొయ్య ఖాళీ. ఎవరి రుమాలు తగిలించాలో ఉస్తాద్ చెప్పాలి. మా ఆయనకు ఆ కొయ్య తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. భూములన్నీ రాసిస్తామన్నా అటే చూసేవాడు.

మా దిక్కు జాతర కుస్తీలు మీరు చూసి ఉంటే తెలుస్తుంది. పిల్లల కుస్తీ పట్లతో మొదలవుతాయి, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ జోడీలు పెద్దవవుతాయి. అన్నిటికంటే చివర వెండి కడియం. కడియం కావాలనుకున్నవాడు చెయ్యి చాపి బరి చుట్టూ తిరగాలి. ఎవరు ఆ చేతిమీద చరిస్తే వాడే జోడీ. ఆడవాళ్ళం అక్కడికి పోయేవాళ్ళం కాదు కాని, పెరట్లో కూర్చుంటే డప్పును బట్టి అంతా తెలిసేది. డప్పు జోరందుకుంటే పట్టు కుదిరినట్టు, ఠక్కున ఆగితే ఒకడి వీపు మట్టికి ఆనినట్టు. మా ఆయన పట్టుకు డప్పు ఎక్కువసేపు మోగేది కాదు. నేను బియ్యం ఏరడం అయ్యేలోపే కడియంతో వచ్చేవాడు. ఎన్నో కడియాలు తెచ్చాడు, ఓడింది లేదు.

చాయ్ హోటల్లో తగువు అక్కడే పుట్టింది. ఓటమి లేనివాడు ఉస్తాద్ కంటే గొప్పే కదా అని ఒక గుంపు. ఆ గుంపుకు మా మామగారు పెద్ద, మా జాతరలో ఎవరు బరిలోకి దిగాలో, ఎవరితో దిగాలో కుదిర్చేది కూడా ఆయనే. మూలన మిషన్ పెట్టుకున్న దర్జీ రెండో గుంపు. అతనికి ఒకటే వాదన. "చెవులు చూడుండ్రి, చెవులు. గవి పహిల్వాన్ చెవులా, పెండ్లికొడుకు చెవులా?" నిజమే, మా ఆయన చెవులు చక్కగా ఉండేవి. నాకు అవంటే ఇష్టం కూడా. ఆ మాట మా ఇంటికి చేరిన రోజు ఆయన రొట్టె సగంలో వదిలేసి లేచాడు.

ఉస్తాద్ మాత్రం తగువులోకి దిగేవాడు కాదు. ప్రతి జాతర మర్నాడు మా ఆయన తాలీంకు పోతే ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎట్లుండె వాడు?" మా ఆయనదీ ఒకే జవాబు. "పడ్డడు, ఉస్తాద్." ముసలాయన, "అభీ నై బేటా," అనేవాడు. రుమాలు తగిలించే వేళ ఇంకా కాలేదని. గోడకు ఇవతల నేను వినేదాన్ని. గెలిచినవాణ్ణి పట్టుకుని ఇదేం సతాయింపు అని ముసలాయన మీద నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు నూరుడు మరీ గట్టిగా సాగేది.

మా అక్కను మద్నూర్‌లో ఇచ్చారు. ఒక చలికాలం మా ఇంటికి వచ్చి, మాటల మధ్యలో అసలు సంగతి బయటపెట్టింది. "ఏం చెప్పాలె చెల్లె, మా దిక్కు పహిల్వాన్ ఒకాయన ఏటేట మీ జాతరకు వచ్చుడు, మీ మామ ఆయనకు కడుపు పలిగేటట్టు యాటకూర పెట్టుడు, మెడల రుమాలు కప్పి తోలుడు. జోడీలు అయిపోయినయ్ అంటరట. ఆయనకు మీ ఇంటి కూర రుచి తెలుసు గని, మీ ఆయన చెయ్యి తెల్వదు." ఆ మేకమాంసం కూర వండింది నేనే. చుట్టం భలే తింటున్నాడని మురిసిపోయి మళ్ళీ వడ్డించింది కూడా నేనే. అతనొక్కడే కాదట, దేగ్లూర్ దిక్కునుంచి గట్టివాడు ఎవడొచ్చినా ఊరి పెద్దలందరిదీ అదే మర్యాద. ఊరంతా కలిసి మా ఆయన్ని పసిపిల్లాడిలా కాపాడుకుంటూ వచ్చారు. ఆయనకూ నాకూ తప్ప అందరికీ తెలుసు.

మాట కడుపులో దాచుకునే గుణం నాకు లేదు. ఆ సాయంత్రమే రొట్టె పెడుతూ చెప్పేశాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద ఉన్న మా మామగారి దగ్గరికి పోయి నిలబడ్డాడు. తండ్రి ముందు గొంతెత్తిన మనిషి కాదు, ఆ రోజూ ఎత్తలేదు. నిజమా అని అడిగాడు. మా మామగారు చాలాసేపు తలపాగా సర్దుకున్నారు. ఆఖరికి, "నువ్వు పడంగ చూసే ధైర్యం ఈ ఊర్ల ఎవ్వనికి లేదు బిడ్డా. నాకు అసలే లేదు," అన్నారు.

"పడనియ్యకపోతే, నిలబడ్డనని నాకెట్ల తెలుస్తది నాయినా?" అన్నాడు మా ఆయన.

మా మామగారంతటి పెద్దమనిషి తల దించుకోవడం నేను అదొక్కసారే చూశాను. జాలేసింది కాని, మా ఆయన వైపే నిలబడ్డాను.

ఎండాకాలం మొదట్లో మద్నూర్‌లో జాతర. నన్ను అక్క ఇంటికి దింపే వంకతో బండి కట్టించాడు. మంజీరలో నీళ్ళు తగ్గి ఇసుక తేలింది, ఎడ్లు అందులో కాళ్ళీడ్చుకుంటూ దాటాయి. రాత్రికి బిచ్కుందలో ఆగి, ఇంకో పగలంతా బండిలో పోయాం. దారి పొడుగునా నేనే అటు చెరుకు తోటల గురించి, ఇటు ఎండ గురించి మాట్లాడి మాట్లాడి అలిసిపోయాను. నిజానికి నాకు భయంగా ఉంది. ఈ మనిషి పడితే మళ్ళీ ఊళ్ళోకి ఏ మొహంతో వస్తాడు, ఆ ఖాళీ కొయ్య వైపు ఎట్లా చూస్తాడు అని.

అక్క వాళ్ళ మిద్దె మీదినుంచి బరి కనబడేది. ఆ వీధి ఆడవాళ్ళందరూ అక్కడికే చేరారు. సగం మరాఠీ, సగం తెలుగు. కడియం వేళకు మా ఆయన రుమాలు నడుముకు చుట్టుకుని, చెయ్యి చాపి బరి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఎవరూ ఏమీ కుదిర్చి పెట్టలేదు. సగం చుట్టు కాకముందే ఒక పొడుగాటి మనిషి లేచి వచ్చి ఆ చేతిమీద చరిచాడు. చూసేసరికి గుర్తుపట్టాను. మా యాటకూర తిన్న చుట్టమే.

డప్పు ఎంతసేపు మోగిందో చెప్పలేను. ఏరడానికి నా చేతిలో బియ్యం లేవు. ఒకసారి ఇతను పైన, ఒకసారి అతను పైన. ఇద్దరి ఒళ్ళూ ఎర్రమట్టే, ఎవరెవరో తెలిసేది కాదు. నా పక్కన ఒక ముసలామె మరాఠీలో "సోడూ నకో, సోడూ నకో" అని గొణుగుతూ నా మోచెయ్యి పట్టుకుంది. వదలకు, వదలకు అని. నేనూ తెలుగులో అదే గొణుగుతున్నాను. ఆమె ఆ పొడుగాటి మనిషి తల్లి అని తర్వాత తెలిసింది. మా ఆయన ఒక భుజం మట్టికి ఆనింది. రెండోదీ ఆనితే అంతే. కళ్ళు మూసుకున్నాను. డప్పు ఆగలేదు. కళ్ళు తెరిస్తే మళ్ళీ ఇద్దరూ కాళ్ళ మీద ఉన్నారు. పొద్దు మునిగి మనుషులు మసక మసకగా అయ్యాక ఊరి పెద్ద ఒకాయన బరిలోకి వచ్చి, కండువా ఊపి బరాబర్ అన్నాడు. సమానమని. వాళ్ళకు వినబడలేదు. నలుగురు పట్టి విడదీశారు. విడదీయగానే ఇద్దరూ కూలబడి, ఒకరి వీపు ఒకరికి ఆనించి రొప్పుతూ కూర్చున్నారు.

అంత దూరం నుంచి వచ్చిన చుట్టానివి, కడియం నువ్వే తీసుకో అని మా ఆయనతో అన్నారు మద్నూర్ పెద్దలు. మర్యాదస్తులు వాళ్ళూ. మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దు. ఊకె ఇచ్చింది మా ఊర్ల బగ్గ తిన్న," అన్నాడట. ఊరికే ఇచ్చినవి చాలా తిన్నానని. పొడుగాటి మనిషీ తీసుకోనన్నాడు. చివరికి కంసలిని పిలిపించి కడియాన్ని రెండు ముక్కలు చేయించారు.

బాన్సువాడ చేరేసరికి వార్త మాకంటే ముందు చేరింది. తగువు తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఓడలేదుగా అని ఒక గుంపు, గెలవలేదుగా అని దర్జీ. కొడుకు చెవి ఉబ్బింది చూసి మా అత్త, పెండ్లికొడుకు లాంటి చెవి పోయిందని శోకం పెట్టింది. నేను ఉప్పు మూటతో కాపడం పెట్టాను. ఆ చెవి తిరిగి మామూలుకు రాలేదు. నాకు మాత్రం దానిమీద ప్రేమ ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున ఆయన తాలీంకు పోయాడు. నేను రొట్టె పెనం మీద వేసి గోడ దగ్గర నిలబడ్డాను. ఉస్తాద్ ఎప్పటి ప్రశ్నే అడిగాడు. "ఎట్లుండె వాడు?"

మా ఆయన మొదలుపెట్టాడు. అంతసేపు మాట్లాడగలడని కాపురం చేస్తున్న నాకే తెలియదు. పట్టు వేసేముందు ఆ మనిషి ఊపిరి ఎట్లా బిగబడతాడో, ఎడమ మోకాలు ఎట్లా దాచుకుంటాడో, నడుము ఎంత అలవోకగా తిప్పుతాడో, ఒక్కొక్కటే చెప్పాడు. "నన్ను ఎత్తేసినప్పుడు నా తలకాయ దిక్కు మట్టిల రాయి ఉండె ఉస్తాద్. నేను చూడలే, ఆయన చూసిండు. పడెయ్యంగనే ఇంకో చెయ్యి నా తల కింద పెట్టిండు. గట్ల పెట్టకపోతే గెలుస్తుండె," అన్నాడు. ఎదుటి మనిషిని ఆయన మెచ్చుకోగా వినడం నాకు అదే మొదటిసారి.

ముసలాయన మెల్లగా, "ఇగ తగిలియ్యి," అన్నాడు.

రుమాలు తగిలిస్తే చప్పుడు కాదు. కాని మా ఆయన తన సగం కడియాన్ని ఆ రుమాలు కొనకు ముడివేశాడు. అది గోడకు తగిలి టక్కుమంది. ఆ చప్పుడుకు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. పెనం మీద రొట్టె మాడి బొగ్గయింది, ఆ రోజు మా అత్త కూడా తిట్టలేదు.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలబడలేదు. ముందు గడబిడలు వచ్చి జాతరలు ఆగాయి, తర్వాత రాజ్యమే మారింది, మళ్ళీ డప్పులు మోగేనాటికి ఇద్దరికీ పొట్టలు వచ్చాయి. కాని ఆ పొడుగాటి మనిషి మా ఇంటికి రావడం మానలేదు. మా మామగారు బతికి ఉన్నన్నాళ్ళూ స్వయంగా కూర వడ్డించేవారు. ఇప్పుడు తినిపించి తోలాల్సిన పని లేదు కనుక తీరిగ్గా తినమనేవారు.

ఇదంతా చెప్పి, పెట్టె అడుగున ఉన్న సగం కడియం తెచ్చి పిల్లల చేతిలో పెట్టాను. తాలీం గోడ కూల్చిన రోజు అది నా దగ్గరికి వచ్చింది. దోస్తు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "అయితే ఎవరు గొప్ప అవ్వా?" అన్నాడు. టీవీలో ఉన్న మీవాడు తన చేతిలో పడ్డవాళ్ళ గురించి ఎప్పుడైనా నోరారా చెప్పాడా, అది కనుక్కుని రండి, అప్పుడు చెబుతా అన్నాను. నేను మళ్ళీ చిక్కుడుకాయల దగ్గరికి వచ్చాను. మా ఆయనా లేడు, ఆ పొడుగాయనా లేడు, రెండు ముక్కలు రెండు ఊళ్ళలో ఉన్నాయి. కాలం వాళ్ళను పడగొట్టిందని నాకెప్పుడూ అనిపించదు. పొద్దు మునిగిందని కండువా ఊపి, బరాబర్ అని ఇంటికి పంపిందంతే.