స్టేడియం బయట మామ

నిన్న బెంగళూరు స్టేడియం ముందు ఎవరో గొంతు తగ్గించి "టికెట్, టికెట్" అంటుంటే నా చిన్నప్పటి మ్యాచ్ రోజు గుర్తొచ్చింది. తమిళనాడులోని ధర్మపురి నుంచి నాన్నతో వచ్చాను. బ్లాకులో టికెట్లు అమ్మే అతను కన్నడంలో ధర చెప్పగానే నాన్న నావైపు తిరిగి, "మనకయ్యేది కాదు, పోదాం పా పాపా" అన్నాడు.

"తెలుగోళ్ళా మీరు?" అన్నాడతను.

మాకు గడప దాటితే అంతా తమిళమే. తెలుగులో పలకరించేది చుట్టాలే. అందుకే, "ఒక్కసారీ మా ఇంటికి రాలేదేం మామా నువ్వు?" అని నిలదీశాను.

అతను పగలబడి నవ్వాడు. "వస్తాలే తల్లీ" అంటూ, చెమటకు తడిసిన రెండు టికెట్లు అసలు ధరకే ఇచ్చేశాడు.

ఆరోజు ఎవరు గెలిచారో గుర్తులేదు. అతను మనకేమీ కాడని తిరుగు బస్సులో నాన్న చెప్పాడు. ఆ మాట మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.